జ్వరం దిగినాక వచ్చే డాక్టరమ్మ

డాక్టరమ్మ పోయిందన్న సంగతి మాకు బస్సు కండక్టరు చెప్పాడు. మా క్యాంపు దగ్గరి గోరేబాళ స్టాపులో బస్సు ఆగగానే దిగి, తోలు సంచి చంకలో పెట్టుకుని నా దగ్గరికి నడిచి వచ్చాడు.

"మీ క్యాంపుకొస్తుండె గదా, అద్దాల డాక్టరమ్మ. రాయచూర్ల పోయిందమ్మా. నిన్ననే మట్టి జేసిన్రు."

ఆ కండక్టరుకీ ఆవిడకీ ఏళ్ల తరబడి తగువు. స్టాపులో ఏ మనిషైనా నీరసంగా కూర్చుని కనిపిస్తే చాలు, ఆవిడ బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టి, రెండో కాలు నేల మీదే ఉంచి, ఆ మనిషితో మాట్లాడుతూ నిలబడేది. బస్సు కదలడానికి లేదు. కండక్టరు విజిల్ ఊదీ ఊదీ అలిసిపోయేవాడు. "ఇంగ నా బస్సు ఎప్పటికీ టైముకే నడుస్తది" అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు. మొహం తిప్పుకుని బస్సెక్కాడు.

ఆవిడ పేరు క్యాంపులో చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లం కూడా ఎప్పుడూ పలకలేదు. డాక్టరమ్మ అంటే ఆవిడే. పొట్టి మనిషి. సన్నంచు తెల్ల వాయిలు చీర, మా నల్లరేగడి బురద అంటకుండా మడమల పైకి ఎత్తి కట్టేది. కళ్లజోడుకు ఒక పక్క పుల్ల విరిగితే నల్లదారం ముడేసి చెవికి తగిలించుకుంది. అది బాగు చేయించుకునే తీరిక ఆవిడకు చివరిదాకా దొరకలేదు. చేతిలో మగవాళ్ల గొడుగు, భుజాన ఖాకీ గుడ్డసంచి. పుట్టిందీ పెరిగిందీ రాయచూరు టౌనులో. నైజాం రోజుల్లోనే హైదరాబాదు వెళ్లి వైద్యం చదివిందని చెప్పుకునేవారు. మా క్యాంపుకి దగ్గరి ఊరు సింధనూరులో ఒక చిన్న ఇంట్లో ముందు గదిని ఆసుపత్రిగా, వెనక గదిని ఇల్లుగా చేసుకుని ఒక్కతే ఉండేది. పెళ్లయిందో లేదో, నా అన్నవాళ్లు ఎవరున్నారో మేం అడగలేదు. ఆవిడ అడగనివ్వలేదు కూడా. ఎదుటివాళ్లను ప్రశ్నలడగడం ఆవిడ పని, ఆవిడను అడగడం ఎవరి పనీ కాదు.

మేం గోదావరి పక్క నుంచి వచ్చినవాళ్లం. తుంగభద్ర కాలువ తవ్వాక, ఇక్కడ భూములకు నీళ్లొస్తాయని విని, అక్కడి కాస్త పొలం అమ్ముకుని వచ్చి గడ్డి ఇళ్లు వేసుకున్నాం. మా బోటివాళ్ల ఇళ్లు పదీ ఇరవై ఒకచోట ఉంటే దాన్ని క్యాంపు అనేవారు. నేను పెళ్లయి నేరుగా ఆ క్యాంపుకే కాపురానికి వచ్చాను. డాక్టరమ్మ మాటలో సగం మాకు కొత్త. మా మాట ఆవిడకు వింత. "మీ ఆంధ్రోళ్లు 'అండి అండి' అనుకుంట బీమారి సంగతి ఆఖర్ల చెప్తరు. మొదలు బీమారి చెప్పున్రి, అండి ఎనకకు పెట్టున్రి" అనేది.

రోగి ఇంటికి వస్తే కుర్చీ వేసినా కూర్చునేది కాదు. మంచానికి కాళ్ల వైపున కూర్చుని, ముందుగా రోగి పాదాలు రెండూ అరచేతుల్లోకి తీసుకునేది. నాడి తరువాత, నాలుక తరువాత. మా ఆడవాళ్లు ఉలిక్కిపడి కాళ్లు ముడుచుకునేవారు. పెద్ద చదువు చదివిన మనిషి, వయసులో పెద్దది, కాళ్లు పట్టుకోవడమేమిటి! మా అత్తగారు మొదటిసారి చూసినప్పుడు, "అయ్యయ్యో, వద్దండీ, మాకు పాపం" అని అడ్డం వెళ్లింది.

"ఊకో అక్కా. మొఖం అబద్ధం చెప్తది. బాగనే ఉన్న అంటది. కాళ్లకు గా తెలివి లేదు" అని ఆవిడ కళ్లు మూసుకుని పాదాలు పట్టుకునే ఉండేది. ఆ కళ్లు మూసుకోవడం చూస్తే ఏదో వింటున్నట్టు ఉండేది. తరువాత కాలి బొటనవేలి గోరు గట్టిగా నొక్కి వదిలేది. తెల్లబడ్డ గోరు మళ్లీ ఎర్రబడుతుందా, ఎంతసేపట్లో ఎర్రబడుతుందో అని చూసేది.

ఇంకో సంగతి, ఆవిడ సూది వేయదు. జ్వరం వస్తే సూది వేయాలి, అప్పుడే అది వైద్యం, ఇదీ మా క్యాంపువాళ్ల నమ్మకం. "సూది వెయ్యని డాక్టరు కూడా డాక్టరేనా?" అని మగవాళ్లు సణిగేవారు. "సూదేస్తె నీ మనసుకు మంచిగైతది, నీ ఒంటికి గాదు" అని ఆవిడ గంజిలో ఉప్పేసి తాగమని చెప్పి లేచిపోయేది. అన్నిటికన్నా వింత, జ్వరం తగ్గిందని కబురు పంపితే మళ్లీ వచ్చేది. జ్వరం వచ్చినప్పుడు ఒకసారి రమ్మంటే రాకపోయినా, తగ్గినప్పుడు మాత్రం పిలవకుండానే వచ్చేది. జ్వరం తగ్గాక డాక్టరుతో పనేమిటని క్యాంపంతా నవ్వుకున్నాం.

అందుకు కారణం ఒకసారి మా ఇంటి అరుగు మీద కూర్చుని తనే చెప్పింది. ఆ ఏడు నాట్లు అవుతుండగా వానలు పట్టుకున్నాయి. అప్పటిదాకా మా వైపు జ్వరమంటే చలిజ్వరమే. ఒళ్లంతా వణుకు, తరువాత చెమటలు, మధ్యలో ఒకరోజు విడుపు. ఈసారి వచ్చింది అలాంటిది కాదు. ఉన్నట్టుండి పెనంలా కాలిపోయే జ్వరం. కీళ్లన్నీ ఎవరో మెలిపెట్టి విరుస్తున్నట్టు నొప్పులు. కనుగుడ్డు పక్కకి తిప్పితే ప్రాణం పోయేంత బాధ. నోటికి అన్నం చేదు. కూలికి వచ్చే కన్నడం వాళ్లూ, క్యాంపువాళ్లూ అని లేకుండా ఇంటికొకరు పడ్డారు.

"దీన్ని పుస్తకంల డెంగీ అంటరు," అంది డాక్టరమ్మ. "ఎముకలిరిచే జ్వరం. నీళ్ల తొట్లు, పీపాలు మూత లేకుంట పెడ్తరు గదా, అండ్ల పుట్టే దోమ. అది పగటి పూట కుడ్తది. మనిషిని ఏడిపిస్తది గాని సంపదు, అని ఉన్నది పుస్తకంల. నేను చదివింది గదే. మరి ఈ నెలల నేను చూసిందేంది?"

ఆవిడ చూసినవి అప్పుడు చెప్పింది. పక్క క్యాంపులో ఒక రైతుకి జ్వరం పూర్తిగా తగ్గింది. ఇక లేచి తిరుగుతాడనుకున్న రోజు కడుపులో నొప్పని ముడుచుకుపోయాడు. తిన్నది అరగలేదని వాము నీళ్లు తాగించారు. సాయంత్రానికి మనిషి లేడు. ఒక ముసలాయన, నోరు విప్పని మనిషి, జ్వరం తగ్గాక ఎద్దులతో మాట్లాడడం మొదలుపెట్టాడు. గాలి సోకిందని మంత్రం వేయించారు. ఒక పిల్లకి పళ్ల చిగుళ్ల నుంచి నెత్తురు. ఇంకొకామెకి ఏ బాధా లేదు, ఊరికే కుదురుగా ఉండలేకపోయింది. లేచి కూర్చునేది, పడుకునేది, మళ్లీ లేచేది. ఒంట్లో వేడి లేదు కదా అని ఎవరూ పట్టించుకోలేదు.

"ఒక్కొక్కరికి ఒక్కొక్క తీరుగ వస్తున్నది. కాని అందరికి ఒక్కటే. జ్వరం దిగినంకనే వస్తున్నది. ఎవరింట్ల జ్వరం దిగిందని సంబురపడ్తున్నరో, నాకు ఆ ఇంటి గురించే ఫికరు" అంది. తలనొప్పి బిళ్లలు మింగినవాళ్లకే నెత్తురు ఎక్కువ కారుతున్నట్టు తనకు అనుమానంగా ఉందని, ఆ బిళ్లలు ఎవ్వరూ మింగొద్దని మరీ మరీ చెప్పింది.

ఆ మాటలన్నీ పక్కన కూర్చుని విన్నవాళ్లలో మా తోడికోడలు రాజ్యం కూడా ఉంది.

రాజ్యం మా మరిది సత్యం భార్య. పెళ్లయి వచ్చి ఏడాది తిరగలేదు. క్యాంపులో ఎవరికీ పట్టుబడని కన్నడం ఆ పిల్లకి ఇట్టే వచ్చేసింది. కూలికి వచ్చే ఈరమ్మ దగ్గర నేర్చుకుని, ఈరమ్మనే ఎగతాళి చేసేంతగా మాట్లాడేది. డాక్టరమ్మ కూలివాళ్ల గుడిసెలకు వెళ్తుంటే వెంట వెళ్లి, వాళ్లు చెప్పినది తెలుగులోకి మార్చి చెప్పేది. డాక్టరమ్మకు కన్నడం పుట్టినప్పటి నుంచీ వచ్చు. అయినా ఏమీ తెలియనట్టు, "ఏమంటున్నదే పోరి?" అని రాజ్యాన్ని అడిగి, శ్రద్ధగా వినేది. ఆ సంగతి చాలా రోజుల తరువాత రాజ్యానికి తెలిసి, సిగ్గుతో నాలుక కరుచుకుని ఇంట్లోకి పారిపోయింది. డాక్టరమ్మ పగలబడి నవ్విన రోజు నాకు గుర్తున్నంతవరకు అదొక్కటే.

రాజ్యానికి ఒకటే కష్టం, ఈ నల్లమట్టి. గోదావరి ఇసుకలో పెరిగిన కాళ్లకు ఈ జిగురు బురద అంటుకుంటే ఓర్చుకోలేకపోయేది. రోజుకి ఎన్నిసార్లు కాళ్లు కడుక్కునేదో! "ఈ మట్టి నన్ను వదలదు అక్కా, పట్టుకుంటే చెప్పులు తొడుక్కున్నట్టే ఉంటుంది" అనేది.

రాజ్యానికి జ్వరం వచ్చింది. తడిగుడ్డ కళ్ల మీద వేసుకుని గోడ వైపు తిరిగి పడుకుంది. డాక్టరమ్మ వచ్చి చూసి, అదే జ్వరమని చెప్పి, నీళ్లూ గంజీ తాగించమని, తగ్గగానే కబురు చేయమని వెళ్లింది. కొన్నాళ్లు ఒళ్లు కాలిపోయి, ఒక తెల్లవారేసరికి జ్వరం విడిచిపోయింది. రాజ్యం లేచి కూర్చుని చారూ అన్నం కావాలంది. మా అత్తగారు సంతోషంగా పొయ్యి దగ్గరకు వెళ్లింది. సత్యం చాలా రోజుల తరువాత పొలానికి వెళ్లాడు. సింధనూరు వైపు వెళ్లేవాళ్లు కనిపిస్తే కబురు చెప్పాలనుకున్నాం. కానీ జ్వరం తగ్గాక తొందరేముంది?

అన్నం వండేలోపే రాజ్యం బయట చేరింది. రావలసిన రోజు కాకుండానే వచ్చింది. పెరట్లో దడి పక్కన, నెలసరి రోజుల్లో ఆడవాళ్లం విడిగా ఉండడానికి వేసుకున్న చిన్న పాక ఉండేది. చాప తీసుకుని అందులోకి వెళ్లింది. అన్నం దూరంగా పెట్టి వచ్చాను. "తిను పిల్లా" అన్నాను. "తింటాలే అక్కా" అంది. ఆ మూడు రోజులూ ముట్టుకోకపోవడం మా ఇంటి ఆచారం. జ్వరం పడి లేచిన మనిషి, నిద్రపోతోందిలే అనుకున్నాం. మరునాడు పొద్దున పలకరించాను. "బాగానే ఉన్నాను, నిద్రొస్తోంది" అంది.

ఆ పొద్దెక్కాక డాక్టరమ్మ వేరే వాళ్లింటికి వచ్చి, మా వాకిట్లో నుంచి వెళుతూ ఆగింది.

"రాజ్యం ఎట్లున్నది?"

"తగ్గిపోయిందండి. నిన్ననే జ్వరం దిగిందండి" అన్నాను నేను నవ్వుతూ.

ఆవిడ నవ్వలేదు. "నిన్న దిగిందా? నాకెందుకు చెప్పలే? కాళ్లు పట్టి చూసినవా?"

"ముట్టుకోకూడదండి. బయట చేరింది."

గొడుగు అక్కడే పడేసింది. అంత పొట్టి మనిషి అంత వేగంగా పరిగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. పెరటి పాక తడిక తోసుకుని లోపలికి వెళ్లింది. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను. నిన్న పెట్టిన అన్నం అలాగే ఉంది. రాజ్యం గోడకి ఆనుకుని ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. పెదవులు సున్నం రంగులో ఉన్నాయి. ఒక మూల గంప కింద దాచిన గుడ్డలు డాక్టరమ్మ లాగి చూసింది. ఒకటి తరువాత ఒకటి. అన్నీ తడిసి ముద్దయి ఉన్నాయి.

"ఇంత పోతుంటె చెప్పకుంట కూసున్నవానె?"

"సిగ్గేసిందండి" అంది రాజ్యం. గొంతు దూరం నుంచి వస్తున్నట్టుంది. డాక్టరమ్మ పాదాల వైపు చేయి చాచబోతే, "బురదుందండి. ముట్టుకోకండి" అంది.

డాక్టరమ్మ ఆ పాదాలు పట్టుకుంది. ఈసారి కళ్లు మూసుకోలేదు. నా వైపు తిరిగి, "ఇగ చూడు. పట్టుకో. కాలువ నీళ్ల తీరు సల్లగున్నయ్" అంది. నేను మైలా మడీ మరిచిపోయి వెళ్లి పట్టుకున్నాను. ఆ చల్లదనం ఇప్పటికీ నా అరచేతుల్లో ఉంది.

సెలైను సింధనూరులో ఉంది. అప్పటికి మా క్యాంపులో ఒక్కటే ట్రాక్టరు. సత్యాన్ని పొలం నుంచి పిలుచుకొచ్చి, ట్రాలీలో గడ్డి పరిచి పడుకోబెట్టాం. డాక్టరమ్మ పైకెక్కి, రాజ్యం కాళ్లు తన ఒళ్లో ఎత్తి పెట్టుకుంది. నేను తల దగ్గర కూర్చున్నాను. ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు చెంచాతో పోస్తుంటే కొంత లోపలికి పోయింది, కొంత పక్కలకు కారింది. సత్యం ట్రాక్టరు తోలుతున్నాడు. వానకు రోడ్డంతా బురద, చక్రాలు జారుతున్నాయి. ఇంజను చప్పుడులో వెనక మేం ఏం మాట్లాడినా అతనికి వినపడదు.

దారిలో ఎక్కడో రాజ్యం కన్నడంలో ఏదో అంది. ఈరమ్మని పిలిచినట్టుంది. డాక్టరమ్మ కన్నడంలోనే జవాబు చెప్పింది. ఒకప్పటిలా తెలియనట్టు నటించలేదు. కాలువ వంతెన రాకముందే ఆ పిల్ల ఊపిరి ఆగిపోయింది.

నేను నోరు తెరవబోయాను. డాక్టరమ్మ నా మోచేయి గట్టిగా పట్టుకుంది. సత్యం వీపు వైపు చూపించి తల అడ్డంగా ఊపింది.

"తోలనియ్యి. ఇక్కడ చెప్తె ఈ బురదల కూలవడ్తడు. ఊరు చేరనియ్యి" అంది నా చెవిలో.

వంతెన దాటాం. సింధనూరు చేరేవరకూ ఆవిడ రాజ్యం పెదవులకు చెంచా అందిస్తూనే ఉంది. వెనక్కి తిరిగి చూస్తే అతనికి అదే కనపడాలని. రెండుసార్లు తిరిగి చూశాడు. రెండుసార్లూ అదే చూశాడు.

ఆసుపత్రి ముందు ట్రాక్టరు ఆపి, ఎత్తుకోబోయి, తెలుసుకున్నాడు. మా సత్యం నోటి వెంట ఎప్పుడూ పెద్దమాట రాదు. ఆరోజు బజారు మధ్య నిలబడి అరిచాడు. "జ్వరం తగ్గిన మనిషండి! లేచి కూర్చుని అన్నం అడిగిన మనిషి! చంపేశావు. ఒక సూది వెయ్యలేదు. ఒక్క సూది వెయ్యలేదు నువ్వు!" అన్నాడు. జనం మూగారు. డాక్టరమ్మ ట్రాలీలోంచి దిగలేదు. ఒక్క మాట బదులు చెప్పలేదు. చీర కుచ్చెళ్లన్నీ బురదా నెత్తురూ అయి, ఆ కాళ్లు అలాగే ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చెంగు తడిపి, ఆ కాళ్ల బురద మెల్లగా తుడిచింది.

దినాలు అయిన మరునాడు ఆవిడ మా ఇంటికి వచ్చింది. రాదనుకున్నాం. మా అత్తగారు మంచం దిగడం లేదు. తన ఆచారమే పిల్లని మింగిందని లోలోపల కుమిలిపోతోంది. పైకి అనలేదు, కానీ తిండి మానేసింది. డాక్టరమ్మ ఎప్పటిలా మంచానికి కాళ్ల వైపు కూర్చుంది.

"నువ్వు ముట్టుకోలేదని ఏడుస్తున్నవ్ గదా అక్కా? నేను అడగలే. కడుపునొప్పి ఉన్నదా అని అడిగిన, చిగుళ్లు చూసిన, చర్మం చూసిన. ఆడదాన్నే అయి కూడ గా ముచ్చట ఒక్కసారి నోరు తెరిచి అడగలే. ముందుగాల ఆ కుదురుగ ఉండలేకపోయినామె గిట్లనే పోయింది. అప్పుడు కూడ నాకు సమజ్ కాలే. నీ లెక్కన నేను కూడ మంచం ఎక్కితె, రేపు ఇంకో ఇంట్ల ఎవరు అడగాలె?"

అత్తగారు అప్పుడు ఏడ్చింది. ఆవిడ చేతులు పట్టుకుని ఏడ్చింది. ఆ పూట గంజి తాగింది.

ఆ తరువాత డాక్టరమ్మకు సిగ్గన్నది లేకుండా పోయిందని మగవాళ్లు గగ్గోలు పెట్టారు. బస్సులో, బావి దగ్గర, నాట్లు వేస్తున్న మళ్ల గట్టున నిలబడి, ఆడవాళ్లను మగవాళ్ల ముందే అడిగేది. జ్వరంలో నెలసరి వచ్చిందా, ఎక్కువ పోతోందా, గుడ్డలు ఎన్నిసార్లు మారుస్తున్నారు? తెలుగులో, కన్నడంలో, తురకవాళ్ల ఇళ్లకు వెళ్తే వాళ్ల మాటలో. ఆడకూతుళ్లు తలలు దించుకునేవారు. ఒక పెద్దరైతు "మర్యాదస్తుల ఇళ్లలో ఏమిటండీ ఈ మాటలు" అని మందలిస్తే, "మర్యాద బతికి ఉంటది సాబ్, పిల్ల సస్తది. ఏది కావాలె మీకు?" అంది. పెరటి పాకల్లోకి తనే వెళ్లి, అందరూ చూస్తుండగా ముట్టుకుని, ఆ చేతులతోనే మా ఇంట్లోకి వచ్చి మంచినీళ్లు అడిగేది. మా అత్తగారు ఇచ్చేది.

సత్యం మాత్రం ఆవిడ వస్తే వాకిట్లోంచి వెళ్లిపోయేవాడు. ఒకనాడు వానకి బస్సు రాలేదు. డాక్టరమ్మ గొడుగేసుకుని కాలువ గట్టున నడిచి వస్తోందట. బురదలో ఒక చెప్పు ఊడిపోతే వంగి వెతుక్కుంటోందట. సత్యం ట్రాక్టరు మీద ఎదురొచ్చాడు. దాటి కొంతదూరం వెళ్లి, ఆపి, వెనక్కి తీసుకొచ్చాడు. ఆవిడ ఎక్కి చక్రం పైన రేకు మీద కూర్చుంది. ఆ రోజు ఏయే క్యాంపులకు వెళ్లాలో చెయ్యి చూపించింది, అతను తోలాడు. అప్పటి నుంచి ఆ జ్వరాలు వచ్చిన ప్రతి ఏడూ ఆవిడను తిప్పింది అతనే. వాళ్లిద్దరూ రాజ్యం గురించి మాట్లాడుకోవడం ఎవరూ వినలేదు.

ఒక ఏడు ఈరమ్మ కూతురికి ఆ జ్వరం వచ్చి తగ్గింది. పెళ్లీడు పిల్ల. వాళ్ల గుడిసె వెనక గోనెపట్టా కట్టుకుని విడిగా కూర్చుంది. ఈరమ్మ పొలంలో ఆ సంగతి మామూలుగా అన్నది. మా అత్తగారు చేతిలో పని వదిలేసి లేచింది. నా పెళ్లయిన ఇన్నేళ్లలో అత్తగారు కూలివాళ్ల గుడిసెల వైపు వెళ్లడం నేను చూడలేదు. గబగబా వెళ్లి, పట్టా ఎత్తి, ఆ పిల్ల కాళ్లు పట్టుకుంది. "ఒసే ఈరమ్మా, పరిగెత్తవే! సత్యాన్ని పిలవ్వే!" అని ఆవిడ అరిచిన అరుపు క్యాంపంతా వినబడింది. ఆ పిల్ల ఆ రాత్రికి డాక్టరమ్మ ఆసుపత్రిలో సెలైను ఎక్కించుకుంటూ పడుకుంది. వారం తిరక్కుండా ఇంటికి వచ్చింది. డాక్టరమ్మ మా అత్తగారితో, "నా గద్దె మీద నువ్వు కూసో అక్కా, నేను ఇంటికి పోత" అని హాస్యమాడింది. అత్తగారు నవ్వలేదు. "రెండో దానికి చేశాను, మొదటిదానికి చెయ్యలేదు" అంది. డాక్టరమ్మ లేచి వెళ్లి ఆవిడ పక్కన కూర్చుంది.

తరువాత సత్యానికి మా వైపు సంబంధమే చూసి మళ్లీ పెళ్లి చేశాం. ఇద్దరు పిల్లలు. డాక్టరమ్మ పెద్దదైపోయింది. చూపు తగ్గింది, మాట తడబడసాగింది. రాయచూరు నుంచి ఎవరో అన్నగారి కొడుకు వచ్చి ఆసుపత్రి మూయించి తీసుకెళ్లాడు. ఆవిడ లేకుండా సింధనూరు బజారు బోసిపోయింది.

ఆవిడ పోవడానికి కొన్ని నెలల ముందు నేనూ సత్యం రాయచూరు వెళ్లి చూశాం. పాత ఇల్లు, చీకటి గది. ఆవిడ మంచం మీద ఇంకా పొట్టిగా కనిపించింది. అన్నగారి కోడలు "మనుషులను గుర్తు పడ్తలేదమ్మా. ఒక్కోసారి మమ్మల్నే ఎవరంటది" అని ముందే చెప్పింది. నన్ను చూసి ఏదో పేరు పెట్టి పిలిచింది, నాది కాదు. కాసేపటికి సత్యం వైపు చూసింది. చాలాసేపు చూసింది. మొహంలో ఏదో కదిలింది.

"నువ్వు ట్రాక్టరోనివి గదా?"

"అవునండి" అన్నాడు సత్యం.

"నీ పెండ్లాం ఎట్లున్నదయ్యా? కన్నడం మాట్లాడుతుండె, నవ్వుకుంట తిరుగుతుండె. జ్వరం దిగిందా?"

సత్యం మొహంలోకి చూసే ధైర్యం లేక గోడ వైపు చూశాను.

"దిగిందండి" అన్నాడు సత్యం. "బాగుందండి. ఇంట్లో తిరుగుతోంది."

"దిగినంక జర పైలం. పది మందిల అడుగుతె చెప్పదు. సిగ్గు దానికి. నువ్వే అడుగు."

"అడుగుతానండి."

"మంచిగున్నదా?"

"మంచిగుందండి. మీరు చూశారు కదా."

ఆవిడ తల ఊపింది. చేతులు దుప్పటి మీద వదిలేసి కళ్లు మూసుకుంది. మేం బయల్దేరేసరికి నిద్రపోతోంది.

తిరుగు బస్సులో సత్యం కిటికీ పక్కన కూర్చున్నాడు. మాన్వి దాటాక, దూరంగా నాట్లు వేస్తున్న మళ్లు కనిపిస్తుంటే, "ఆవిడకి అబద్ధం చెప్పాను వదినా" అన్నాడు.

నేను అతని వైపు తిరిగాను.

"ఆ రోజు బజారులో ఆవిడ నన్నేమీ అనలేదు కదా" అన్నాడు. తరువాత తువ్వాలు మొహం మీదికి లాక్కుని, కిటికీ కమ్మీకి తల ఆన్చి, సింధనూరు వచ్చేదాకా అలాగే కూర్చున్నాడు.